బడి ముందు కల్లం

జోహరాబీ పెట్టిన కేక కల్లంలో ఉన్న నూటయాభై మంది పిల్లలూ విన్నారు. ఒక్కరూ లేవలేదు. లేస్తే ప్రాక్టికల్ మార్కు పోతుంది.

పందొమ్మిది వందల అరవై, ఫిబ్రవరి నెల. తూములపాడు హైస్కూలు ముందు మూడెకరాల ఆటస్థలం. రెండేళ్ల కిందటిదాకా అందులో పిల్లలు కబడ్డీ ఆడారు. ఇప్పుడు ఈ కొస నుంచి ఆ కొసకు మిరపకాయ పరిచి ఉంది. నేల కనపడదు. బడి మెట్టు దిగితే కాయ తొక్కాల్సిందే. గాలి ఇటు తిరిగిందంటే లోపల పాఠం చెప్పే మాస్టారు తుమ్ముతూ చెబుతాడు, పిల్లలు దగ్గుతూ వింటారు.

పీరు తల తిప్పి చూశాడు. చెల్లెలు రంగు పోయిన తాలుకాయల గుట్ట ముందు కూర్చుని, రెండు చేతులతో కుడికన్ను మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగుతోంది. నాలుగో ఫారం పిల్ల. ఎండిన తొడిమ విరిగి కంట్లో గుచ్చుకుంది. పొద్దుట్నుంచీ కాయ ఏరిన చేతులతోనే ఆ కన్ను నలిపేసింది.

పీరు లేచాడు.

"కూకోరా," అన్నాడు మేస్త్రి. వాడి చేతిలో చింతబరికె. మేస్త్రి బడి మనిషి కాదు. ప్రెసిడెంటు చెంచురామయ్య గారి కల్లం మనిషి. "యాడికి లేస్తన్నావ్?"

"చెల్లెలి కంట్లో..."

"మిరపకాయ దగ్గర కూకున్నాక కంట్లో పడక కాళ్ల మీద పడుద్దా? గంప నిండినాక కడుక్కుంటది. కూకో. నీ పేరు రాయించమంటావా?"

పీరు కూర్చున్నాడు.

లేచింది రెబ్కా. బడిలో ఆఖరిదైన ఆరో ఫారంలో పీరు క్లాసు పిల్ల. మాదిగపల్లె నుంచి ఆ బడిలో ఆరో ఫారం దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. తండ్రి ప్రేమదాసు చెంచురామయ్య గారి దగ్గర పాలేరు. రెబ్కా ఎవర్నీ అడగలేదు. జోహరాబీ రెక్క పట్టుకుని లేవదీసి వరండాలోకి తీసుకెళ్లింది. వరండాలో మంచినీళ్ల కుండ ఉంది. మాదిగపల్లె పిల్లలు ఆ కుండ ముట్టకూడదు. దోసిలి పడితే ప్యూను మీరా హుస్సేన్ పైనుంచి పోస్తాడు. ఆ వేళ మీరా హుస్సేన్ లేడు. రెబ్కా చెంబు ముంచింది. రెండుసార్లు కన్ను కడిగింది. మూడోసారి ముంచబోతుంటే మేస్త్రి పరుగెత్తుకొచ్చి కుండను కాలితో తన్నాడు.

నీళ్లు మెట్ల మీదుగా కల్లంలోకి పారాయి. అప్పుడు మేస్త్రి కంగారుపడ్డాడు. నీళ్లు తగిలిన కాయను అవతలికి లాగమని అరిచాడు. పిల్లలు లాగారు. పీరూ లాగాడు.

మూడు రోజులు ఆముదం వేశారు, చనుబాలు పిండారు. నాలుగో రోజు గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రెప్ప ఎత్తి చూసి, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని అడిగాడు. కంట్లో పువ్వేసింది. ఇక ఆ కన్ను చూడదు.

ఇంటికొచ్చిన రాత్రి తల్లి మస్తాన్‌బీ కొడుకును గోడ పక్కకు లాగింది.

"ఒరే పీరూ, దాని బతుకు అట్టా అయింది. నీ చదువు కూడా పోతే మేం దేన్ని చూసుకుని బతకాలిరా? ఎవరు ఏమన్నా నోరు మూసుకో. నాలుగు వారాలు. పరీక్ష గట్టెక్కు."

తండ్రి దూదేకుల ఖాజావలి దూది ఏకే విల్లు పట్టుకుంటేనే మాట్లాడినట్టు. ఆ రాత్రి విల్లు గోడకే ఉండిపోయింది.

ఈ ప్రాక్టికల్ సంగతి చెప్పాలి.

సంస్కరణ అన్న మాట ఆ ఊళ్లోకి ప్రెసిడెంటు గారితో వచ్చింది. హైస్కూలును మల్టీపర్పస్ చేస్తామని ప్రభుత్వం వారు అన్నారు. మల్టీపర్పస్ అంటే పుస్తకంతో పాటు పనీ నేర్పాలి. తూములపాడుకు వ్యవసాయం ఇచ్చారు. వ్యవసాయానికి పొలం కావాలి. స్కూలు కమిటీ ప్రెసిడెంటు చెంచురామయ్య గారు తన నల్లరేగడి ఐదెకరాలు 'బడి పొలం' అన్నారు. బోర్డు పాతారు. పూలదండ వేయించుకున్నారు. పట్టా మాత్రం ఆయన పేరునే ఉంది. బోర్డు పాతిన మరుసటి వారం నుంచి ఆ ఐదెకరాల్లోనే కాదు, చుట్టూ ఉన్న నలభై ఎకరాల్లోనూ కలుపు తీసింది పిల్లలు, కాయ కోసింది పిల్లలు, తాలు ఏరింది పిల్లలు. పెద్ద కూలీలకు పని తగ్గింది. అడిగితే, "మీ పిల్లలే చేస్తన్నారుగా, చదువుతో పాటు పనీ వస్తంది, ఇంకేం కావాలి?" అన్నారు.

ప్రాక్టికల్ మార్కులు మేస్త్రి చెబుతాడు, మాస్టారు వేస్తారు. ఆ మార్కులు లేకపోతే సెలక్షన్ లిస్టులో పేరు ఉండదు. లిస్టులో పేరు లేకపోతే ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు పంపరు. పీరు ఆ లిస్టు కోసమే ఆరేళ్లు ఆ బడి మెట్లెక్కాడు. పరీక్ష పాసైతే టీచరు ట్రైనింగు. వాళ్ల వంశంలో పత్తి దుమ్ము మింగకుండా అన్నం తినే మొదటివాడవుతాడు.

ఫిబ్రవరి పదిహేనున ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు అనంతపద్మనాభం గారు ఒక కాగితం చదివారు. ఆయన మంచివాడని ఊరంతా అనేది. ఆ మంచితనం ఏనాడూ ఎవరికీ అడ్డు వచ్చింది లేదు.

"పాఠశాలల సంస్కరణ విషయమై విద్యార్థుల అభిప్రాయములను కూడ సేకరించవలెను. అందుకు ఇద్దరు విద్యార్థి ప్రతినిధులను సభలో కూర్చుండబెట్టవలెను. ఇరవై నాలుగో తారీకున జిల్లా విద్యాధికారి గారు స్వయంగా వస్తున్నారు." ఆయన కళ్లద్దాలు తీశారు. "గురునాథం, నువ్వొకడివి. ఇంకొకర్ని..."

గురునాథం ప్రెసిడెంటు గారి మేనల్లుడు. సైకిలు మీద బడికి వచ్చేవాడు అతనొక్కడే.

"మాస్టారండీ," అంది రెబ్కా ఆడపిల్లల వరస నుంచి. "ప్రతినిధులంటే ఎన్నుకోవాలి కదండీ? సివిక్సులో మీరే చెప్పారు."

వెనక వరసలో గౌస్ బాషా నవ్వాడు. నవ్వు వరస వరసకూ పాకింది. హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తాను చెప్పిన పాఠాన్ని కాదనడం ఆయనకు చేతకాలేదు.

డ్రాయింగు గదిలో గోడవైపు మూడు కుండలు పెట్టారు. గురునాథానికొకటి, రెబ్కాకొకటి, పీరుకొకటి. పీరు నిలబడతానని అనలేదు. జోహరాబీ అన్న కాబట్టి పిల్లలే పెట్టారు. తలా ఒక పత్తిగింజ. లోపలికెళ్లి తమకు నచ్చిన కుండలో వేసి రావాలి. మీరా హుస్సేన్ గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. రెబ్కా కుండ బోర్లిస్తే గింజలు బల్ల మీంచి కిందికి దొర్లాయి. పీరు కుండ సగానికి నిండింది. గురునాథం కుండలో గింజలు ఎవరూ బిగ్గరగా లెక్కపెట్టలేదు.

"నువ్వు వద్దనొచ్చుగా," అన్నాడు గురునాథం బయటికొచ్చాక, పీరు దగ్గరగా. "మామయ్య మంచోడు కాదురా."

"నీ మామయ్యని నువ్వే అంటున్నావే?"

"తెలుసు కాబట్టి చెబుతున్నా."

ఆ రోజు నుంచి ఐదు సాయంత్రాలు ఖాజావలి దూదేకే పాకలో కూడారు. పాతిక మంది, ఒక్కోనాడు నలభై మంది. దూది ఎగిరి అందరి జుట్ల మీదా వాలింది.

"సభలో పెద్దోళ్లుండాలన్నారుగా," అన్నాడు గౌస్ బాషా తల దులుపుకోకుండా. "చూడండి, అందరికీ తల నెరిసింది. మొదటి కోరిక రాయరా పీరూ. మేస్త్రిని ఫస్టు ఫారంలో కూర్చోబెట్టాలి."

"ఫస్టు ఫారం వాళ్లేం పాపం చేశారు?" అంది కనకలక్ష్మి. ఐదో ఫారం పిల్ల, సన్నకారు రైతు కూతురు.

నవ్వులు ఆగాక అసలు పోట్లాట మొదలైంది.

"వ్యవసాయం ఎత్తేయమని రాద్దాం," అన్నాడు గురునాథం. అతనూ వచ్చేవాడు. ఎందుకు వచ్చేవాడో ఎవరికీ తెలియదు. "ఎత్తేస్తే గొడవే ఉండదు."

"నీకు ఉండదు," అంది రెబ్కా. "నాకెట్టా ఉండదు? బడిలో వ్యవసాయం ఎత్తేస్తే పుస్తకం పారేసి అదే కల్లానికి కూలికి పోవాలి నేను. వ్యవసాయం ఉండాల్సిందే. పురుగు ఎందుకు పట్టుద్దో, ఎరువు ఎంతెయ్యాలో మాకు చెప్పిందెవరు? రెండేళ్లలో ఒక్క పాఠం చెప్పారా? తాలు ఏరడం మా అమ్మ నేర్పింది. అందుకు బడి ఎందుకు?"

"పొలం మా మామయ్యది."

"బోర్డు మీద బడిదని ఉంది. అయితే బోర్డు పీకాలి, లేకపోతే పట్టా మార్చాలి."

అంతవరకూ వాళ్లు అడుగుదామనుకున్నవి జోహరాబీ కన్ను, మేస్త్రి బరికె, కల్లం ఘాటు. పొలం అన్న మాట ఎవరి నోటా రాలేదు. పీరు చేతిలో కలం ఆగిపోయింది. ఆ మాట రాస్తే లిస్టులో తన పేరు ఉండదని అతనికి తెలుసు.

"రాయి," అంది రెబ్కా. "నా పేరు ముందు పెట్టు, భయమైతే."

పీరు రాశాడు. బడి పొలం బడి పేరున ఉండాలని, అక్కడ ఏ పంట వేయాలో మాస్టార్లూ పిల్లలూ కూర్చుని తేల్చాలని, పండింది మధ్యాహ్నం గంజి కాసి పల్లె పిల్లలకూ ఊరి పిల్లలకూ ఒకే పంక్తిలో పోయాలని రాశాడు. నాలుగో ఫారం దాకా ఏ పిల్లల్నీ కల్లంలో కూర్చోబెట్టకూడదు. ఆటస్థలం ఖాళీ చేయాలి. మార్కులు మేస్త్రి కాదు, చదువు చెప్పినవాళ్లు అందరి ముందూ వేయాలి. కమిటీలో పిల్లలకు ఊరికే కుర్చీ కాదు, ఓటు ఉండాలి. మంచినీళ్ల కుండలో చెంబు ఎవరైనా ముంచుకోవాలి. కుండ దగ్గర ఒక పూటంతా పోట్లాడారు. ఇద్దరు పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఒకడు మరునాడు మళ్లీ వచ్చాడు.

మొత్తం నూటపద్దెనిమిది మంది సంతకం పెట్టారు.

ఇరవై ఒకటిన పొద్దున్నే చెంచురామయ్య గారు ఖాజావలి పాక ముందు ఆగారు. తెల్లటి ఖద్దరు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఖాజావలి లేచి నిలబడ్డాడు. మస్తాన్‌బీ కొంగు తల మీదికి లాక్కుని మంచం వాల్చింది.

"పిల్ల కన్ను సంగతి విన్నా ఖాజావలీ. మనసంతా అదోలా అయింది," అన్నారాయన కూర్చుంటూ. "నాకూ ఆడపిల్లలున్నారు."

ఆయన జేబులోంచి చుట్ట తీసి చేతిలో తిప్పారు.

"పిల్లలేదో కాగితం రాశారంట. మంచిదే. పిల్లలు చెప్పాలి, మేం వినాలి. గవర్నమెంటు వారే అన్నారుగా." పీరు వైపు చూసి నవ్వారు. "లిస్టు ఎల్లుండి గోడకంటిస్తారు నాయనా. అందులో పేరు చూసుకో ముందు. ఆ తర్వాత సంస్కరణలు తీరిగ్గా చేసుకుందురు. ఆ పల్లె పిల్ల చెప్పి రాయించిందని ఒక్క ముక్క హెడ్మాస్టరు గారితో అను. చాలు."

లేచి, చుట్ట ముట్టించుకుని, పడమటి వైపు చూశారు. "మబ్బు పట్టేట్టుంది," అన్నారు. తన కాయ మూడెకరాల్లో ఆరబోసి ఉన్న రైతు ఆ మాట అనే తీరులో లేదు అది. పీరుకు అదోలా అనిపించింది. ఎందుకో తెలియలేదు.

ఆయన వెళ్లాక మస్తాన్‌బీ కొడుకు కాళ్ల దగ్గర కూర్చుంది. "అనరా నాయనా. ఒక్క ముక్కేగా."

పీరు అనలేదు. కల్లంలో మేస్త్రి కూకోమంటే కూర్చున్నది ఒక్కసారి. రెండోసారి తనవల్ల కాదని తల్లికి చెప్పడానికి మాట దొరక్క బయటికి వెళ్లిపోయాడు.

ఇరవై మూడున లిస్టు అంటించారు. ఆరో ఫారంలో నలభై ఒక్క మంది. లిస్టులో ముప్ఫై రెండు పేర్లు. పీరు లేడు. రెబ్కా లేదు. గౌస్ బాషా లేడు. కాగితం మీద ముందు సంతకం పెట్టిన తొమ్మిది మందీ లేరు.

పీరు ఆ కాగితాన్ని పై నుంచి కిందికీ, కింద నుంచి పైకీ చదివాడు. వెనకనుంచి ఎవరో, "నా పేరుందిరా," అన్నారు. ఆ గొంతులో సంతోషం లేదు.

గంట కొట్టారు. ప్రాక్టికల్ గంట. ఒక్కరూ కల్లంలోకి దిగలేదు. పేర్లు ఉన్నవాళ్లూ లేనివాళ్లూ వరండాలో చాపలు వేసుకుని కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు వచ్చి చేతులు జోడించారు. "రేపు డి.ఇ.ఓ. గారొస్తున్నారు. నా పరువు తీయకండి."

"మీ పరువుకేం కాదండీ," అంది కనకలక్ష్మి. "మాకు తొమ్మిది పేర్లు తక్కువొచ్చాయి. అవి రాయండి, దిగుతాం."

ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి పడమర నల్లబడింది. గాలి ఆగిపోయింది. కల్లంలో కాయ ఎండుగా గలగలలాడుతూ పరిచి ఉంది. మామూలుగా మబ్బు కనపడితే చాలు, మేస్త్రి ఊరంతా కేకలేసి కూలీల్ని పిలుస్తాడు. కాయ గుట్టలు పోస్తారు, పైన టార్పాలిన్ పట్టాలు కప్పుతారు. ఆ వేళ మేస్త్రి పిలవలేదు. బండి తెప్పించి, కల్లం గట్టు మీదున్న పట్టాలన్నీ మడిచి అందులో వేయించి, ప్రెసిడెంటు గారింటి వైపు తోలించాడు. ప్రేమదాసును మాత్రం గట్టు మీద నిలబెట్టాడు. "చెయ్యి వెయ్యబోకు. కదిలావంటే రేపట్నించి రాబోకు" అని చెప్పాడు.

"పట్టాలు ఎందుకు తీసుకుపోతన్నారు?" అన్నాడు గౌస్ బాషా.

సబిన్‌స్పెక్టరు పొద్దుట్నుంచీ ప్రెసిడెంటు గారింట్లో కాఫీ తాగుతున్నాడని మీరా హుస్సేన్ నీళ్లు పోస్తూ గొణిగాడు. అది కూడా విన్నారు. దేనికి దేన్ని కలపాలో ఆ వయసు పిల్లలకు తెలియలేదు.

మొదటి చినుకు మెట్టు మీద పడింది. దుమ్ములో కాసంత గుంట చేసింది.

"ఎవరూ కదలొద్దు," అంది రెబ్కా. "అది మన కాయ కాదు."

ఇంకో నాలుగు చినుకులు. గట్టు మీద ప్రేమదాసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాళ్లు మాత్రం నిలవడం లేదు. ఇటు రెండడుగులు, అటు రెండడుగులు.

ఆ వరండాలో కూర్చున్నది రైతుల పిల్లలు, కూలీల పిల్లలు. వానకు ముందు కాయ వాసన మారుతుంది. ఆ వాసన తగిలితే నిద్రలోనైనా లేచే ఇళ్లలో పుట్టారు వాళ్లు. నారు పోసిన నాటి నుంచి ఆ చేలో కావిళ్లతో నీళ్లు మోసింది వాళ్ల అమ్మలు. కాయ ఎవరిదన్నది బుర్రకు తెలుసు. చేతులకు తెలియదు.

"కాయ తడుస్తోందే!" అంది ఎవరో చిన్నపిల్ల, ఏడుపు గొంతుతో.

రెబ్కా పెదవి కొరుక్కుంది. కల్లం వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. ఆమే ముందు దూకింది.

పీరుకు అప్పుడు తట్టింది. పట్టాలు తీసుకుపోయారంటే, తమను కల్లంలోకి దింపడానికే... "ఆగండి!" అని నోరు తెరిచేసరికి వరండా ఖాళీ. అతను తప్ప అందరూ కల్లంలో ఉన్నారు. దోసిళ్లతో, పలకలతో, చీపుళ్లతో కాయను గుట్టలు లాగుతున్నారు. ఎవరో గోతాలు తెచ్చారు. కింద కూర్చునే చాపలు తెచ్చారు. గౌస్ బాషా, ఇంకో ముగ్గురు బడి నాటకాల తెర మోసుకొచ్చారు. దాని మీద రాజుగారి కోట బొమ్మ వేసి ఉంది. ప్రేమదాసు కూడా దూకాడు. చివరికి పీరూ దూకాడు. గురునాథం సైకిలు గోడకు ఆనించి, చొక్కా విప్పి, దాంతోనే కాయ కప్పాడు.

అరగంట కొట్టింది వాన. తర్వాత ఆగిపోయింది.

తడిసి ముద్దయిన పిల్లలు కళ్లు మండుతుంటే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు. ఇరవై గుట్టలు. కాయ ముప్పాతిక దక్కింది.

"చెంచురామయ్య గారి కోట కట్టాంరా," అన్నాడు గౌస్ బాషా తెర మీది బొమ్మ చూపిస్తూ. "రేపు మనకి దండలేస్తాడు."

ఈల వినపడింది.

పోలీసులు ప్రెసిడెంటు గారింటి సందులోంచే వచ్చారు. పది మంది. వాళ్ల బట్టలు తడిసి లేవు. వాన ఆగేదాకా చూరు కింద ఆగి వచ్చారు.

"ఈ గుట్టలు ఎవరు పోశారు?" అన్నాడు సబిన్‌స్పెక్టరు.

"మేమేనండీ," అంది రెబ్కా. ఇంకా ఎగరొప్పుతోంది, మొహంలో వెలుగు పోలేదు.

"గోతాలు?"

"మేమే తెచ్చామండీ."

సబిన్‌స్పెక్టరు వెనక్కి తిరిగాడు. "రాసుకో. సమ్మె పేరున పోగై, కల్లం మీద పడి, కాయ గుట్టలు పోసి, గోతాలకెత్తుతుండగా పట్టుబడ్డారు. నేరం ఒప్పుకున్నారు."

ఏమంటున్నాడో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కనకలక్ష్మి, "తడుస్తుంటే కప్పామండీ!" అని అరిచింది. మేస్త్రి ఒక కాగితం చూసి పేర్లు చదివాడు. లిస్టులో లేని తొమ్మిది పేర్లు. అదే వరసలో. పదో పేరు ప్రేమదాసు అన్నాడు గానీ, ప్రేమదాసు లేకపోతే ఎడ్ల సంగతేమిటని చెవిలో ఎవరో అన్నట్టున్నారు, ఆ పేరు కొట్టేశాడు.

"నేనూ కప్పాను," అన్నాడు గురునాథం, చొక్కా లేకుండా.

"మీరు ఇంటికెళ్లండి బాబూ," అన్నాడు సబిన్‌స్పెక్టరు మర్యాదగా. "జలుబు చేస్తుంది."

మగపిల్లలు ఎనిమిది మందినీ ఊరి స్టేషను లాకప్‌లో తోశారు. ఆడపిల్లలకు వేరే గది లేదు. రెబ్కాను వరండాలో స్తంభం పక్కన కూర్చోబెట్టారు. ఆమె దగ్గింది. రాత్రంతా ఆ దగ్గు లోపలికి వినపడింది. ఒకసారి ఆమె గొంతు వచ్చింది: "పీరూ, మెలకువగా ఉన్నావా? నేనే ముందు దూకాను."

"నేను ఆపేలోగా," అన్నాడు పీరు.

"ఆపితే ఆగేదాన్నేమో. తెలియదు."

తెల్లవారాక హెడ్మాస్టరు గారు వచ్చారు. చేతిలో రెండు కాగితాలు. ఒకటి నిన్నటి లిస్టు. అడుగున ఒక గీత ఖాళీగా ఉంచి ఉంది. రెండోది క్షమాపణ.

"చదువు నాయనా," అన్నారు కటకటాల్లోంచి అందిస్తూ. "'రెబ్కా యను విద్యార్థిని ప్రోద్బలమున...' ఆ ఒక్క మాటే. సంతకం పెడితే ఈ గీత మీద నీ పేరు నేనే రాస్తాను. కలం తెచ్చాను. పదకొండింటికి లిస్టు గుంటూరు వెళ్లిపోతుంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇంత మంచి లెక్కల పిల్లాణ్ణి చూడలేదురా నేను."

ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజమైన నీళ్లే. పీరుకు అవి చూస్తేనే భయం వేసింది.

"మిగతా వాళ్లవి?"

"ఒక్క గీతే ఇచ్చారు."

పీరు ఆ ఖాళీ గీత చూశాడు. ఆరేళ్ల చదువు అంత పొడుగుంది. అవతల వరండాలో రెబ్కా దగ్గు ఆగిపోయింది. ఆమె వింటోంది.

"మాస్టారండీ, ఇవాళ సభ ఉందా?"

"ఉంది. పన్నెండింటికి."

"ప్రతినిధులిద్దరం ఇక్కడున్నాం కదండీ. డి.ఇ.ఓ. గారిని ఇక్కడికే రమ్మనండి. మా అభిప్రాయం చెబుతాం." కాగితాలు రెండూ మడత నలగకుండా తిరిగి ఇచ్చేశాడు. రెండు చేతులతో కటకటాలు పట్టుకున్నాడు.

హెడ్మాస్టరు గారు కలానికి మూత పెట్టి వెళ్లిపోయారు. స్టేషను మెట్లు దిగబోయి ఆగారు. పక్కకు తప్పుకున్నారు.

ఎదురుగా పిల్లలు వస్తున్నారు. అరుపుల్లేవు, జెండాల్లేవు. ఇద్దరిద్దరు చొప్పున, ప్రార్థనకు వెళ్లే వరసలో. ముందు ఆరో ఫారం ముప్ఫై ఒక్క మంది, గురునాథం తప్ప లిస్టులో పేర్లున్నవాళ్లంతా. వాళ్లకంటే ముందు కనకలక్ష్మి వచ్చి, కేసులు రాసుకునే రైటరు బల్ల ముందు నిలబడింది.

"ఏం కావాలమ్మా?"

"పేరు రాసుకోండి. కనకలక్ష్మి, ఐదో ఫారం. మూడు గుట్టలు పోశాను."

"ఏంటీ?"

"గోతం కూడా తెచ్చానండీ. నేరం ఒప్పుకుంటున్నాను."

రైటరు నవ్వాడు. ఆమె వెనక ఉన్నవాడు ముందుకొచ్చాడు. "మొహిద్దీన్ బాషా, ఆరో ఫారం. తెర మోశాను." ఆ వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకతె. రైటరు నవ్వు ఆగింది. సబిన్‌స్పెక్టరు బయటికొచ్చి లాఠీ చూపించి కేకలేశాడు. "లిస్టులో పేర్లున్నాయి మీకు! పరీక్షలు పాడు చేసుకుంటారా?"

"తొమ్మిది పేర్లు తక్కువున్నాయండీ," అన్నారెవరో. వరస కదల్లేదు. వీధికి అవతల గురునాథం సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. ఇటు రాలేదు. పోనూ లేదు.

పదిన్నరకు మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. తడి కాయ గుట్టలో ఉంటే పొద్దెక్కేసరికి కములుతుంది, సాయంత్రానికి నల్లబడుతుంది. తెల్లవారగానే విప్పి ఎండకు పరచాలి. "గుట్టలు విప్పేదానికి ఒక్కడూ రాలేదయ్యా! పల్లెకు పోతే పల్లెలో మగాళ్లు లేరు, ఆడాళ్లు లేరు!"

వాళ్లు వీధి మొగలో కనపడ్డారు. ముందు ప్రేమదాసు. వెనక పల్లె కూలీలు, చేలో కొంగు నడుముకు చుట్టి కాయ కోసే ఆడవాళ్లు. యాభై అయిదు ఎన్నికల తర్వాత ఆ ఊళ్లో అంతమంది ఒక్క దారిన నడవడం ఎవరూ చూడలేదు. ప్రేమదాసు స్తంభం పక్కనున్న కూతురి వైపు చూడకుండా నేరుగా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏ క్లాసు?" అన్నాడు రైటరు, చెయ్యి అలవాటున కదులుతుంటే.

"నేను బడికి పోలేదండి. నిన్న కల్లంలో దూకా. పేరు కొట్టేశారంట, మళ్లీ రాయండి." కొంచెం ఆగి అన్నాడు: "గుట్టలు మేం విప్పమండి. పిల్లలొచ్చి విప్పమంటే విప్పుతాం."

దూరంగా గుంటూరు రోడ్డు మీద దుమ్ము లేచింది. రిజర్వు పోలీసుల లారీ. దాని వెనక ఇంకోటి. పిల్లలు చూశారు. చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేతులు పట్టుకున్నారు. వరసలో ఖాళీ ఎక్కడా పడలేదు.

పీరు కటకటాలకు మొహం ఆనించి చూస్తున్నాడు. ప్రేమదాసు వెనక కొంగు తల మీదికి లాక్కుని ఒక మనిషి నిలబడి ఉంది. బల్ల దగ్గరికొచ్చేదాకా ఆమెను గుర్తుపట్టలేదు. ఆమె ఎవరి ముందూ అంత నిటారుగా నిలబడటం అతను చూడలేదు.

"పేరు?"

"మస్తాన్‌బీ."

"నువ్వు కూడా కాయ ఎత్తావా?"

"లేదు. నిన్న నేను రాలేదు," అంది మస్తాన్‌బీ. లారీల చప్పుడు దగ్గరపడుతుంటే గొంతు పెంచింది. "రేపొస్తా. రాసుకో."